ఉప్పునీటి చేపకు జబ్బు చేస్తే: ఇంట్లో క్వారంటైన్ ట్యాంక్ పెట్టుకోవడం ఎలా?

నా బ్లూ టాంగ్ ఒంటి మీద మొదటి తెల్ల చుక్క కనిపించింది రాత్రి తొమ్మిదింటికి. పదింటికల్లా అటక మీద నుంచి పాత అద్దాల ట్యాంక్ దించి, కడిగి, ఉప్పునీళ్లు కలిపి, చేపను అందులో వేసేశాను. చేతికి దొరికిన మందు కూడా పోశాను. మూడో రోజు పొద్దున్న చూస్తే అడుగున పక్కకి ఒరిగిపోయి ఉంది. దాన్ని చంపింది తెల్ల చుక్కలు కావు. అవి అప్పటికి పదిహేను కూడా లేవు. టెస్ట్ కిట్‌తో నీళ్లు చూస్తే, పసుపుగా ఉండాల్సిన గొట్టం ముదురాకుపచ్చకి తిరిగింది. అమ్మోనియా!

ఆ రోజు నుంచి నా లెక్క మారిపోయింది. జబ్బు చేపకి ట్యాంక్ పెట్టడమంటే ముందు నీళ్లు నిలబెట్టడం, ఆ తర్వాతే మందు. ఈ మార్గదర్శి కూడా అదే వరసలో ఉంటుంది. మందు పేరు కోసం వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మన వైపు, అంటే విజయనగరం, శ్రీకాకుళంలో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లకి ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. సముద్రం దగ్గర, పైగా రొయ్యల సాగు పుణ్యమా అని ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్లు, అమ్మోనియా కిట్లు, ఎయిర్ పంపులు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. అది సుఖం. ఇక కష్టం ఏమిటంటే, చేపకి బాగోలేకపోతే చూపించడానికి ఎవరూ ఉండరు. మందు ఆన్‌లైన్‌లో పెడితే నాలుగైదు రోజులు పడుతుంది. కొన్ని జబ్బులు అన్ని రోజులు ఆగవు. కాబట్టి చేప బాగున్నప్పుడే సరంజామా ఇంట్లో ఉండాలి.

ఈ వైట్ స్పాట్ ఆ వైట్ స్పాట్ కాదు

మా బావకి పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువు ఉంది. నా చేపకి వైట్ స్పాట్ వచ్చిందని ఫోన్లో చెబితే అటు నుంచి ఒక్క క్షణం మాట లేదు. తర్వాత, "వైట్ స్పాటేటి! ఇంకేటి చేస్తావు బావా, బ్లీచింగ్ కొట్టేసి ఖాళీ చేసేయ్" అన్నాడు. ఆయన భయం ఆయనది. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ వైరస్, దానికి మందు లేదు. చేపలకి వచ్చేది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ జీవి. పేరొక్కటే కలిసింది, దీనికి వైద్యం ఉంది.

ఈ జీవి బతికే తీరు అర్థమైతే వైద్యం సగం అర్థమైనట్టే. చేప ఒంటి మీద, చర్మం కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకి కనిపించే ఉప్పు గింజలాంటి చుక్క అదే. చర్మం కింద ఉన్నంతకాలం ఏ మందూ దాన్ని అంటదు. తర్వాత రాలిపోయి, ఇసుకకో రాయికో అంటుకుని గుడ్డులాంటి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి మూడు రోజులకి పగలొచ్చు, నాలుగు వారాలకీ పగలొచ్చు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం అవుతుంది. పగిలితే అందులోంచి వందల పిల్లలు ఈదుకుంటూ బయటికొస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి.

అందుకే చాలామంది మోసపోతారు. సోమవారం చుక్కలు, గురువారానికి ఒళ్లు శుభ్రం, "తగ్గిపోయింది" అని సంబరం. రాలిపోయిన చుక్కలు పిల్లలు పెట్టడానికి వెళ్లాయంతే. వచ్చే వారం పది చుక్కలు వందవుతాయి.

ట్యాంక్, దాని చోటు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న అద్దాల ట్యాంక్ మన ఇళ్లకి సరిపోతుంది. అంగుళాల్లో పొడవు, వెడల్పు, నీటి ఎత్తు గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. పైన రెండంగుళాలు వదిలి 13 అంగుళాల వరకు నీళ్లు పోస్తే 24 × 12 × 13 ÷ 61, అంటే దాదాపు 61 లీటర్లు. ఈ అంకెని ట్యాంక్ మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి, నీటిమట్టం దగ్గర గీత కూడా గీయండి. మందు లెక్కంతా దీని మీదే నడుస్తుంది. "సుమారు డెబ్భై ఉంటాయి" అని మందు పోసేవాళ్ల చేపలు సుమారుగానే బతుకుతాయి.

అద్దాల ట్యాంకే కావాలనేమీ లేదు. ఆహారం నిల్వ చేసే రకం పెద్ద ప్లాస్టిక్ టబ్బు కూడా పనికొస్తుంది. పక్క నుంచి చేపను చూడలేకపోవడం ఒక్కటే దాని లోపం. పెద్ద టాంగ్‌లకి మాత్రం వంద లీటర్లకి తక్కువైతే ఇబ్బంది.

అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు, పగడాలు వద్దు. కారణం ఒకటి కాదు. తిత్తులు దాక్కోవడానికి చోటు దొరుకుతుంది, పైగా ఇసుక, రాళ్లు రాగి మందును పీల్చేసుకుంటాయి. రాత్రి ఇసుకలో పడుకునే రాస్ జాతి చేప ఉంటే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఇసుక పోసి పెట్టండి, వైద్యం అయ్యాక పారేయండి.

చేపకి దాక్కునే చోటు లేకపోతే టెన్షన్‌తోనే సగం చస్తుంది. దీనికి పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు, టీలు చాలు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. చేప ఒళ్లు దూరి, వెనక్కి తిరగగలిగేంత లావు పైపు తీసుకోండి. రెండంగుళాలది క్లౌన్‌ఫిష్‌కి సరిపోతుంది, టాంగ్‌కి మూడు నాలుగు కావాలి. జిగురు, ప్రైమర్ అంటని కొత్త ముక్కలే తీసుకోండి. ట్యాంక్ వెనకవైపు, రెండు పక్కలు, అడుగు నల్ల చార్ట్‌తో కప్పేయండి. మీరు చూసేది ఎదుటి అద్దంలోంచే.

చోటు విషయంలో ఒక్క మాట. మెయిన్ ట్యాంక్ పక్కనే పెట్టకండి. వెల్వెట్ అనే జబ్బు గాలిలో ఎగిరే నీటి తుంపరలతో కూడా పోతుంది. వేరే గది ఉంటే మేలు, లేకపోతే కనీసం పదడుగుల దూరం ఉండాలి. వల, బకెట్, సైఫన్ గొట్టం, తుడిచే గుడ్డ, థర్మామీటర్ అన్నీ దీనికి విడిగా ఉండాలి. నేను వీటికి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఎర్ర టేపు ఉన్నది మెయిన్ ట్యాంక్ దగ్గరికి రాకూడదని ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

మూత తప్పదు. చేప కొత్త చోటికి వచ్చిన మొదటి రాత్రే ఎగురుతుంది. దోమతెర వల చెక్క ఫ్రేముకి బిగించినా చాలు, గాలి ఆడుతుంది.

స్పాంజి: ముందు చూసుకోవాల్సిన సంగతి

కొత్త ట్యాంక్‌లో బ్యాక్టీరియా ఉండదు. చేప శ్వాస నుంచి, మలం నుంచి వచ్చే అమ్మోనియాను తినేవాళ్లు అక్కడ లేరు. మెయిన్ ట్యాంక్‌లో ఈ పని రాళ్ల మీదున్న బ్యాక్టీరియా చేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. క్వారంటైన్ ట్యాంక్‌లో రాళ్లు లేవు. అప్పుడు 60 లీటర్ల నీళ్లు అరచేతంత చేప చేతిలో రెండు రోజుల్లో విషమవుతాయి. ఉప్పునీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది. పీహెచ్ పెరిగిన కొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. మంచినీటి చేపలకి తట్టుకునేంత అమ్మోనియా ఇక్కడ తట్టుకోలేనిది.

దీనికి పెద్దగా ఖర్చు లేని ఉపాయం ఉంది. ఒక పెద్ద స్పాంజి ఫిల్టర్ కొని ఈ రోజే మెయిన్ ట్యాంక్ సంప్‌లో, అంటే నీళ్లు వడకట్టే అదనపు తొట్టిలో, పడేయండి. ఆరు వారాల్లో అది బ్యాక్టీరియాతో నిండుతుంది. ఆ తర్వాత ఎప్పుడు అవసరమైతే అప్పుడు తీసి క్వారంటైన్ ట్యాంక్‌లో పెట్టి ఎయిర్ పంప్ తగిలిస్తే, ఆ రోజు నుంచే పని మొదలు. రెండు స్పాంజిలు వేస్తే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. మెయిన్ ట్యాంక్ చేపలకే జబ్బు వచ్చి, వాటినే బయటికి తీస్తున్నారంటే ఆ స్పాంజి వాడుకోవచ్చు. ఎలాగూ ఆ జబ్బు ఆ చేపలదే. కానీ కొత్తగా కొన్న చేపను పరిశీలనలో పెట్టడానికి జబ్బున్న ట్యాంక్ స్పాంజి వాడితే, లేని రోగం అంటించినట్టే.

స్పాంజి లేకుండా జబ్బు ముంచుకొస్తే సీసాలో వచ్చే బ్యాక్టీరియా పోయండి, తిండి సగానికి తగ్గించండి, రోజూ పొద్దునా సాయంత్రం అమ్మోనియా చూడండి. 0.25 పీపీఎం దాటితే మూడో వంతు నీళ్లు మార్చండి. అద్దానికి అంటించే అమ్మోనియా బ్యాడ్జి ఒకటి దొరుకుతుంది. పసుపు నుంచి ఆకుపచ్చకి, నీలానికి రంగు మారుతుంది. గది దాటుతూ ఓ చూపు వేస్తే చాలు. నా దృష్టిలో ఈ మొత్తం సామానులో డబ్బుకి తగ్గ విలువ చేసేది అదే.

నీళ్లు: సముద్రం దగ్గరుంది కదా అని

"చింతపల్లి బీచ్‌కి బండి మీద వెళ్లి నాలుగు డబ్బాలు పట్టుకొస్తే పోదా?" అని చాలామంది అడుగుతారు. మెయిన్ ట్యాంక్ సంగతి వేరే చర్చ. జబ్బు చేపకి మాత్రం ఒడ్డు నీళ్లు వద్దు. వాటిలో కొత్త పరాన్నజీవులు, బ్యాక్టీరియా రావొచ్చు. నది కలిసే చోట అయితే ఇంకా తంటా. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. వానాకాలం వరదకి అక్కడి నీళ్లలో ఉప్పు బాగా పడిపోతుంది. రంగు చూసి ఉప్పు చెప్పలేం.

కాబట్టి ఆక్వేరియం సాల్ట్ కలుపుకోవడమే దారి. ఆర్‌వో ప్లాంట్ 20 లీటర్ల క్యాన్లు మూడు తెప్పించుకోండి. టీడీఎస్ మీటర్ ఉంటే ఒకసారి ముంచి చూడండి, వందలోపుంటే ఈ పనికి చాలు. కుళాయి నీళ్లు వాడాల్సి వస్తే క్లోరిన్ పోయే మందు తప్పనిసరి. లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన 60 లీటర్లకి రెండు కిలోల పై చిలుకు ఉప్పు పడుతుంది. ఉప్పులో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే ఉప్పు వేయాలి. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిప్పండి. అప్పుడు రిఫ్రాక్టోమీటర్‌లో నీటి సాంద్రత 1.024, 1.025 మధ్య చూపించాలి. పీపీటీలో, అంటే వెయ్యికి ఎన్ని పాళ్లు ఉప్పో, చదివే రొయ్యల రైతు మీటరైతే 32, 33 దగ్గర. మీటర్‌ను ముందు ఆర్‌వో నీటితో సున్నా దగ్గర సరిచూసుకోవడం మరచిపోవద్దు.

వంటింట్లో బకెట్ దొరక్క రాగి బిందెలో ఉప్పునీళ్లు కలిపినవాడు నాకు తెలుసు. రాగి, ఇత్తడి పాత్రలు ఉప్పునీటికి తగలకూడదు. బుడితి ఇత్తడి చెంబు ఎంత ముచ్చటగా ఉన్నా సరే, అందులోంచి రాగి ఎంత దిగుతుందో మీ చేతిలో ఉండదు.

వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. మనకి ఏడాదిలో చాలా నెలలు హీటర్ పనే ఉండదు. డిసెంబరు, జనవరి రాత్రులకి మాత్రం వంద వాట్ల హీటర్ కావాలి. వేసవిలో ఇబ్బంది తిరగబడుతుంది. అప్పుడు చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్లు ఆవిరవుతాయి కానీ ఉప్పు ఆవిరవదు. గీత కిందికి దిగిన మేరకు ఉప్పులేని ఆర్‌వో నీళ్లే పోయాలి.

ఏ జబ్బో గుర్తు పట్టడం

ఉప్పు గింజల్లా విడివిడిగా లెక్కపెట్టగలిగే చుక్కలు ఉంటే, చేప ఇంకా తింటుంటే, అది వైట్ స్పాటే అనుకోవచ్చు. మీకు రెండు మూడు రోజుల టైముంది.

గోధుమ పిండో, పసుపు పొడో జల్లినట్టు సన్నటి పొర ఉందా? చేప ఆయాసపడుతూ, వెలుతురుకి దూరంగా, పంపు ధారకి ఎదురుగా నిలబడుతోందా? అది వెల్వెట్. దీనికి రోజులు కాదు, గంటలు లెక్క. చాలాసార్లు ఒంటి మీద ఏమీ కనపడకముందే మొప్పల్లో నిండిపోయి ఉంటుంది.

క్లౌన్‌ఫిష్ ఒంటి మీద జిగురు తెల్లగా, పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. సముద్రం నుంచి పట్టుకొచ్చిన క్లౌన్‌ఫిష్‌లలో ఇది ఎక్కువ. మందు దొరికేలోపు మంచినీటి స్నానం కొంత ఊరటనిస్తుంది.

రాళ్లకి ఒళ్లు రుద్దుకోవడం, కళ్లు మసకబారడం, తల ఆడించడం చూస్తే ఫ్లూక్‌లు, అంటే చదునైన చిన్న పురుగులు ఉన్నాయేమో అనుమానించాలి. దీన్ని తేల్చుకోవడానికి మంచినీటి స్నానమే పరీక్ష. ఒక నల్లటి ప్లాస్టిక్ టబ్బులో ఐదు లీటర్ల ఆర్‌వో నీళ్లు పోసి, అరగంట ఎయిర్ స్టోన్ వేసి, చిటికెడు చిటికెడు వంటసోడా కలుపుతూ పీహెచ్‌ను ట్యాంక్ పీహెచ్‌కి తేవాలి. వేడి కూడా ట్యాంక్‌తో సమానంగా ఉండాలి, ఒక డిగ్రీ తేడా కూడా రానివ్వద్దు. చేపను అందులో ఐదు నిమిషాలు ఉంచండి. మొదటి అర నిమిషం అది పక్కకి పడిపోయి చచ్చినట్టు నటిస్తుంది. గుండె జారుతుంది, కానీ కంగారు పడి తీసేయకండి. గిలగిల కొట్టుకుంటే మాత్రం వెంటనే తీసేయాలి. రెండు నిమిషాలకి నా బటర్‌ఫ్లై చేప ఒంటి మీద కంటికి ఆనని పారదర్శకమైన పొలుసులేవో పాలిపోయి, తెల్లగా మారి, ఒక్కొక్కటే నల్లటి అడుగున రాలాయి. అచ్చం నువ్వు గింజలు. పదకొండు లెక్కపెట్టాను. జబ్బు ఏమిటో తెలిసిపోయింది, వాటికి ప్రాజిక్వాంటెల్ వాడాలని కూడా.

చేపను మార్చడం

వలతో వెంటపడితే చేప జిగురు పోతుంది, రాళ్లకి గాయాలవుతాయి. రాత్రి లైట్లు ఆర్పిన రెండు గంటల తర్వాత టార్చితో వెళ్లండి. చాలా చేపలు ఒక మూల నిద్రలో ఉంటాయి, ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోయొచ్చు.

అదే ఇంట్లోని ట్యాంక్ నుంచి తెస్తున్నప్పుడు గంటల తరబడి బొట్టు బొట్టు కలపడం అక్కర్లేదు. వేడి, ఉప్పు రెండూ సమానం చేసి పెట్టుకుంటే నేరుగా వదిలేయొచ్చు.

చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచి రైల్లో ఒక రాత్రంతా సంచిలో వచ్చిన కొత్త చేప సంగతి వేరు. సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది కానీ, చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఆ విషం అణిగి ఉంటుంది. సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, విషం కూడా లేస్తుంది. అప్పుడు అందులోనే గంటసేపు బొట్టు బొట్టు నీళ్లు కలుపుతూ కూర్చుంటే చేపను మనమే చంపుకున్నట్టు. సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, విప్పి, ఉప్పు కొలిచి, క్వారంటైన్ నీటిని దానికి సరిపెట్టి, చేపను మాత్రం తీసి వేసేయండి. సంచి నీళ్లు బాత్రూమ్‌లోకే. షాపుల వాళ్లు చాలాసార్లు 1.020 దగ్గరో అంతకంటే తక్కువో ఉంచుతారు, కాబట్టి ఎంత ఉందని ముందే ఫోన్ చేసి అడిగితే పని సులువు.

వైట్ స్పాట్‌కి మన ఊళ్లలో నాకు నచ్చిన పద్ధతి

మందు లేకుండా, రెండు టబ్బుల మధ్య చేపను మార్చుతూ పోయే పద్ధతి ఉంది. రాగి కొలిచే మీటర్ వెంటనే దొరకని మన ఊళ్లకి నేను మొదటి ఓటు దీనికే వేస్తాను. వైట్ స్పాట్‌కి మాత్రమే, గుర్తుంచుకోండి. వెల్వెట్‌కి ఇది పనికిరాదు.

కిటుకు ముందు చెప్పుకున్న బతుకు చక్రంలోనే ఉంది. రాలిన తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ఆలోపు చేపను బాగా ఆరబెట్టిన ఇంకో టబ్బులోకి మార్చేస్తే, రాలినవన్నీ పాత టబ్బులోనే ఉండిపోతాయి. చేప మీద మిగిలినవి ఏడు రోజులకి మించి ఉండవు, అవి కూడా తర్వాతి టబ్బుల్లో రాలి వెనకే మిగిలిపోతాయి.

40 లీటర్ల టబ్బులు రెండు, ఎయిర్ పంపులు, ఎయిర్ స్టోన్లు, పైపు ముక్కలు రెండు జతలు కావాలి. మొదటి రోజు సాయంత్రం చేప మొదటి టబ్బులోకి వెళ్తుంది. నాలుగో రోజు అదే సమయానికి, 72 గంటలు దాటకుండా, రెండో టబ్బులోకి. తర్వాత ఏడో రోజు, పదో రోజు, పదమూడో రోజు. మొత్తం నాలుగు మార్పిడులు. పదమూడో రోజు చేరేది శుభ్రమైన పరిశీలన ట్యాంక్. ప్రతిసారీ కొత్త నీళ్లు కాబట్టి అమ్మోనియా బెడద కూడా చాలావరకు ఉండదు. ఇదే ఈ పద్ధతిలో నాకు ముద్దొచ్చే సంగతి. పరిశీలన ట్యాంక్‌కి కూడా అంతే అనుకుంటే, ఐదుసార్లు 40 లీటర్లంటే 200 లీటర్లు, అంటే ఏడు కిలోల ఉప్పు. ఖర్చు ఇదే.

మార్చేటప్పుడు పాత నీళ్లు కొత్త టబ్బులోకి వీలైనంత తక్కువ పోవాలి. మా అమ్మ బియ్యం కడిగే ప్లాస్టిక్ చిల్లుల గిన్నె ఎత్తుకుపోయి వాడాను. నీళ్లు ధారగా కారిపోతాయి, చేప వలలో చిక్కుకున్నట్టు చిక్కుకోదు, రెండు సెకన్లలో పని అయిపోతుంది. గిన్నె మళ్లీ వంటింట్లోకి రాలేదు, ఆ మాట నేను ఇప్పటికీ పడుతున్నాను. మీరు ముందే వేరేది కొనుక్కోండి. ఖాళీ అయిన టబ్బు, పైపులు, ఎయిర్ ట్యూబ్ కడిగి, బొట్టు తడి లేకుండా ఎండలో పెట్టాలి. వానల రోజుల్లో బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. తడి ఉంటే మూడు రోజుల శ్రమ వృథా.

రాగి: వెల్వెట్‌కి తప్పదు

వెల్వెట్ అని అనుమానం వస్తే రాగి మందే దారి. ఇది రెండు రకాలు. క్యుప్రమిన్ లాంటి వాటిలో లక్ష్యం లీటరుకి 0.5 మిల్లీగ్రాములు. కాపర్ పవర్ లాంటి కీలేటెడ్ రకాల్లో, అంటే రాగిని ఇంకో పదార్థంతో కట్టేసిన వాటిలో, దాదాపు 2.25 నుంచి 2.5. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే చేప చస్తుంది లేదా జబ్బు బతుకుతుంది. మొదటి రోజు సగం, రెండు రోజుల తర్వాత మిగతా సగం వేసి, ఆ స్థాయి తగ్గకుండా 30 రోజులు ఉంచాలి. వెల్వెట్‌తో ఇప్పటికే ఆయాసపడుతున్న చేపకి అంత నిదానం కుదరదు, ఒక రోజులోనే పూర్తి స్థాయికి తేవాల్సి వస్తుంది. స్థాయి ఒక్క రోజు పడిపోయినా లెక్క మొదటికొస్తుంది. కాబట్టి అంకెలు చూపే రాగి మీటర్ లేకుండా ఈ పని మొదలెట్టకండి. రంగు చూసి పోల్చుకునే కిట్లతో 2.0కి, 2.5కి తేడా తేల్చుకోలేం. మాండరిన్, పఫర్ లాంటి చేపలు రాగిని తట్టుకోవడం కష్టం. రొయ్యలకి, నత్తలకి, పగడాలకి చుక్క తగిలినా చావే.

"మైలుతుత్తం కూడా రాగే కదా" అని కొబ్బరి, జీడి తోటల వాళ్లు అంటారు. నిజమే, అందులో నాలుగో వంతు రాగి. కానీ 60 లీటర్లకి 0.5 మిల్లీగ్రాముల లెక్కన కావాల్సిన మైలుతుత్తం దాదాపు 120 మిల్లీగ్రాములు. కూరల కాటా మీద అది కనపడను కూడా కనపడదు. పైగా పొలం మందులో ఇంకేమేం కలిసి ఉన్నాయో తెలియదు. వద్దు.

ఇంకో ప్రమాదం. రాగి ఉన్న నీటిలో ప్రైమ్ లాంటి అమ్మోనియా విరుగుడు మందులు పోయకూడదు. రెండూ కలిసి రాగి ఇంకా విషమవుతుంది. రాగి ఉన్నప్పుడు అమ్మోనియా లేస్తే నీళ్లు మార్చడమే మార్గం. కొత్త నీటిలో కూడా అదే మోతాదు రాగి ముందే కలిపి ఉండాలి. యాక్టివేటెడ్ కార్బన్ రాగిని పీల్చేస్తుంది కాబట్టి వైద్యం అయ్యేదాకా ఫిల్టర్‌లో అది ఉండకూడదు.

ఫ్లూక్‌లకి ప్రాజిక్వాంటెల్ లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, వారం తర్వాత ఇంకో మోతాదు. మొదటి మోతాదుకి గుడ్లు చావవు కాబట్టి రెండోది మానకూడదు. ఇది నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, ఎయిర్ స్టోన్ ఇంకోటి వేయండి.

ఉప్పును 1.009కి దించి వైట్ స్పాట్‌ను చంపే పద్ధతి కూడా ఉంది. రెండు రోజుల్లో దించి, చివరి చుక్క పోయాక 30 రోజులు ఉంచి, వారం పాటు మెల్లగా పెంచాలి. 1.011కి చేరినా పని జరగదు. ఇంత పట్టుగా మీటర్ చూసే ఓపిక నాకు లేదు.

రోజూ చేసే పని, కరెంటు పోయినప్పుడు చేసే పని

పొద్దున్న లేవగానే చేప శ్వాస చూడండి, మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో రాసుకోండి. జబ్బు పెరుగుతోందో తగ్గుతోందో ఆ అంకె చుక్కలకంటే ముందు చెబుతుంది. తిండి కొంచెం కొంచెంగా రెండు పూటలా వేసి, పది నిమిషాల్లో తిననిది సైఫన్‌తో లాగేయండి. తినడం మానేసిన చేపకి ఫ్రీజర్‌లో పెట్టి తీసిన పచ్చి రొయ్యను నూకంత సన్నగా తరిగి వేస్తే చాలావరకు నోరు తెరుస్తుంది. లైటు అక్కర్లేదు, గది వెలుతురు చాలు.

కరెంటు మన బలహీనత. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. చిన్న ఎయిర్ పంప్ ఐదు వాట్ల లోపే తింటుంది. ఇంటి ఇన్వర్టర్ మీద అది చాలా గంటలు నడుస్తుంది. హీటర్‌ను మాత్రం ఇన్వర్టర్‌కి తగిలించకండి, బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. సెల్స్‌తో నడిచే పంపు ఒకటి అదనంగా ఉంచుకోండి. అది కూడా లేని రాత్రి, మగ్గుతో నీళ్లు ముంచి అడుగెత్తు నుంచి పోస్తూ అరగంటకోసారి లేచాను. చేప బతికింది, మర్నాడు ఆఫీసులో నేను నిద్రపోయాను.

మెయిన్ ట్యాంక్‌ను ఖాళీగా వదలడం

ఒక్క చేపకే చుక్కలున్నా, అన్ని చేపలూ బయటికి రావాలి. మిగతావాటి మొప్పల్లో ఏముందో మనకి కనపడదు. అన్నీ వచ్చాక మెయిన్ ట్యాంక్ చేపలు లేకుండా 76 రోజులు ఉండాలి. రొయ్యలు, నత్తలు, పగడాలు అక్కడే ఉంటాయి, వాటికి తిండి పెడుతూనే ఉండాలి. తిత్తులు పగిలి వచ్చిన పిల్లలకి చేప దొరక్క చస్తాయి. ఈ రోజుల్లో క్వారంటైన్‌లో తడిసిన చేయి మెయిన్ ట్యాంక్‌లో పెట్టారంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ముందు మెయిన్ ట్యాంక్ పని, తర్వాతే జబ్బు ట్యాంక్ పని. ఆ వరస మారకూడదు.

వైద్యం పదమూడు రోజులకో, నెలకో అయిపోతుంది. మిగతా రోజులు చేపలు మందు లేని పరిశీలన ట్యాంక్‌లో గడపాలి. అప్పుడు ఫిల్టర్‌లో కార్బన్ వేసి రాగిని తీసేయొచ్చు. ఆ కాలంలో చుక్క గానీ, రుద్దుకోవడం గానీ, ఆయాసం గానీ లేకపోతే 77వ రోజున చేపలను వెనక్కి వదలండి. క్వారంటైన్ నీళ్లు ఒక్క చుక్క కూడా వాటితో వెళ్లకూడదు, డబ్బాలోంచి చేతితోనో చిల్లుల గిన్నెతోనో ఎత్తి వేయండి. రాగి నీళ్లు పెరటి మొక్కలకి పోయకండి.

రాగి తాగిన స్పాంజిని పారేయండి. ట్యాంక్, పైపులు బ్లీచింగ్ నీళ్లలో ఒక రోజు ఉంచి, కడిగి, ఎండబెట్టి అటకెక్కించండి. కొత్త స్పాంజి ఒకటి అదే రోజు మెయిన్ ట్యాంక్ సంప్‌లో వేయండి.